కళింగపట్నం చూడబోయే తమ్ముళ్లకు

మా బ్యాచ్ వాళ్లం తలో మండలం నుంచీ ట్రంకుపెట్టె మోసుకొచ్చి ఒకే హాల్లో చదువుకున్నవాళ్లం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని బట్టీ పట్టాం గానీ, మాలో చాలామంది అప్పటికి సముద్రం చూడలేదు. హాస్టల్లో ఉండగా ఒక ఆదివారం వెళ్లాం, ఉద్యోగాల్లో స్థిరపడ్డాక మళ్లీ కలిసి వెళ్లాం. సంచికకు ఏదైనా రాయమన్నారు కాబట్టి, ఆ ఊరి సంగతులే రాస్తున్నాం.

శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార, గొట్టా బ్యారేజీ దాటి వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. డచ్చివాళ్లు, తర్వాత ఇంగ్లీషువాళ్లు వ్యాపారం చేశారు. ఇప్పుడు రేవు లేదు, లైట్‌హౌస్ ఉంది. ఏరు కలిసే చోట మాత్రం నీళ్లలోకి దిగకండి. పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, కింద లాగేస్తుంది. ఈత వచ్చినా సరే, వద్దు.

దారిలో అరసవల్లి, శ్రీకూర్మం ఎలాగూ చూస్తారు. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లు బాగుంటాయి. అక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. గుడి ముందు మాలో నలుగురు చెప్పులు విప్పి కూడా బయటే నిలబడిపోయారు. ఎవరూ ఆపలేదు. ఊళ్లో చిన్నప్పటి నుంచీ అలవాటైన దూరం అది. "ఏటిరా, రండి" అని మా వార్డెన్ గారు రెండుసార్లు పిలిస్తే గానీ కాళ్లు కదల్లేదు.

శాలిహుండం కొండ దగ్గర ఆ నలుగురే అందరికంటే ముందు పరుగెత్తారు. కళింగపట్నానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, వంశధార దక్షిణపు గట్టున ఉంది ఆ కొండ. ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యాలు, కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు. క్రీస్తుకు ముందే ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉన్నారు. 1919లో ఈ చోటును గుర్తించినది మన గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన ఫోటోకు దండ వేస్తాం గానీ, ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. 1956లో అంబేద్కర్ గారు నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారని హాస్టల్ గోడ మీద చదివినవాళ్లం. ఆ బౌద్ధం ఎక్కడో దూరాన ఉందనుకున్నాం. మన జిల్లాలో, మన ఏటి గట్టునే ఉంది! పైనుంచి చూస్తే వంశధార వంపులు తిరుగుతూ సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. పులిహోర పొట్లాలు అక్కడే విప్పాం. బీచికి తొందరపడి ఈ కొండను వదిలేస్తారేమో, వదలకండి.

సాయంత్రం ఒడ్డున పడవలు చూసి మేము కేరింతలు కొడుతుంటే, మా బ్యాచిలోని మత్స్యకారుల పిల్లాడు ఒకడు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్న అప్పుడు గుజరాత్‌లోని వేరావల్‌లో ఉన్నాడు. ఇక్కడ పెద్ద పడవలు నిలిపే జెట్టీ లేక, మన తీరం వాళ్లు ఏటా నెలల తరబడి అక్కడికి వేటకు పోతారు. 2018 నవంబరులో అలా పోయిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గానీ ఇరవై మంది వాఘా దాటి రాలేదు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమా ఆ సంఘటన ఆధారంగా తీసినదే. సినిమా బాగా ఆడింది. వలస మాత్రం ఆగలేదు.

వెళ్లేవాళ్లు జనవరి నుంచి మార్చి లోపు వెళితే మంచిది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులవి. వాటి జాడలు తెల్లవారుజామున ఇసుక మీద ట్రాక్టరు టైరు గుర్తుల్లా కనిపిస్తాయి. గుడ్లు ముట్టుకోకండి, టార్చి వేయకండి. ఆ ఊరి జాలరి ఎవరైనా ఎదురైతే "బాబాయ్" అని పలకరించండి. గాలి గురించీ నీటి గురించీ వాళ్లు చెప్పినన్ని సంగతులు మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.