చిలకలగుట్ట నుంచి శబరి దాకా

జంపన్నవాగు మేడారం మీదుగా పారి గోదారిలో కలుస్తుంది. రెండేళ్లకోసారి, మాఘ పున్నమి వేళ, ఇక్కడ కోయల వనదేవతలు సమ్మక్క సారలమ్మల జాతర. కోయ పూజారులైన వడ్డెలు పక్కనున్న చిలకలగుట్ట ఎక్కి ఏం చేస్తారో బయటివాళ్లకు తెలియదు. సమ్మక్క కుంకుమభరిణె రూపంలో దిగివచ్చేసరికి కింద లక్షల జనం ఎదురుచూస్తుంటారు. అంతమంది మధ్య ఆ గుట్టు నిలిచి ఉంది.

ఇలాంటి గుట్టే ప్రాచీన గ్రీసులోని ఎల్యూసిస్‌లోనూ ఉండేది. ఏథెన్స్ నుంచి ఇరవై కిలోమీటర్లు ఊరేగింపుగా నడిచి, దిమీతర్ తల్లి గుడిలో రాత్రిపూట దీక్ష తీసుకునేవారు. అక్కడ చూసింది బయటపెడితే మరణదండన. ఆత్మ సత్యాన్ని చూడటమంటే ఏమిటో చెప్పడానికి ప్లేటో ‘ఫీడ్రస్’లో ఆ దీక్ష మాటలనే వాడుకున్నాడు. చావును మంచి ఆశతో ఎదుర్కోవడం ఆ దీక్షే నేర్పిందన్నాడు రోమన్ సిసిరో. క్రీ.శ. 392లో థియోడోసియస్ చక్రవర్తి పాత దేవతల కొలువులను నిషేధించాడు. కొద్ది ఏళ్లకే గోతుల దండు ఎల్యూసిస్‌ను పాడుచేసింది. ప్లేటోను ఇప్పటికీ చదువుతున్నాం. ఆ రాత్రి గుడిలో ఏం చూపించారో మాత్రం చెప్పగలవాళ్లు లేరు.

మళ్లీ మేడారానికి వస్తే, అక్కణ్ణుంచి ఏటూరునాగారం, మంగపేట దాటితే మణుగూరు. ఆ మండలంలోని కూనవరం సకిని రామచంద్రయ్యగారి ఊరు. కంచుతాళం మోగుతుండగా సమ్మక్క సారలమ్మల కథ, కోయ గట్ల (గోత్ర సమూహాల) పుట్టుపూర్వోత్తరాలు నోటితోనే చెప్పేవారాయన. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు... ఏ గట్టు ఇలవేల్పు ఆ గట్టుదే. ఆ వేల్పుకు చేసే కొలుపులో, బొమ్మల గుడ్డ అయిన పడిగె విప్పి, ఆ బొమ్మలను చూపుతూ గట్టు కథలు పాడే డోలివాళ్లు పాడతారు. ఆ బొమ్మలు మనకూ కనపడతాయి, కథ మాత్రం వాళ్లే విప్పాలి. 2022లో రామచంద్రయ్యగారికి పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ పాటలను రికార్డు చేయడం చాలా అవసరం. కానీ కొలుపు జరగని ఊళ్లో ఆ రికార్డు ఎవరికోసం మోగాలి?

మణుగూరు నుంచి గోదారి వెంట దిగువకు వస్తే మా భద్రాచలం. ఇక్కడి రాముణ్ణి మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవి తల్లి అని చెప్పుకుంటాం. 2022 జులైలో ఇక్కడ గోదారి వరద 71 అడుగులు దాటింది. ఆ వరద వచ్చి పోయింది, పోని నీళ్లు దిగువన రానున్నాయి.

అక్కడ, గోదారిలో శబరి కలిసేచోట, మరో కూనవరం ఉంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఈ కూనవరం మండలం పోలవరం ప్రాజెక్టు ముంపులో ఉంది. జలాశయం నిండు మట్టం సముద్రమట్టం నుంచి 150 అడుగులు. ముంపు పరిహారంగా ఇంటికి, పొలానికి, చెట్టుకు వెల కడతారు. వేల్పు ఉన్న చోటుకు ఏ వెల కడతారు? వడ్డె ఒక పునరావాస కాలనీకి, డోలివాళ్లు ఇంకో కాలనీకి, గట్టువాళ్లు వేరే మండలానికి పోతే కొలుపు ఎవరు చేస్తారు? ఇది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. గట్టు మొత్తాన్ని ఒకేచోట, అడవికి దగ్గరగా, వేల్పుకు స్థలంతో సహా నిలపాలి. ఆ పని నీళ్లు రాకముందే జరగాలి.