దిబ్బలో సూది

అన్నలూ, అక్కలూ, ఈ రోజు రేట్ల సంగతి కాదు, పురుగు మందుల సంగతీ కాదు. నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకుంటా. విన్నాక మీ దిబ్బ కూడా చూసుకోండి.

మొన్న నాట్లప్పుడు మా మడిలో ఒక అక్క కాలికి ఏదో దిగింది. ముల్లనుకుని తీస్తే ఇంజెక్షన్ సూది. ఆ మడికి తోలింది మా ఇంటి దిబ్బ ఎరువే. నాయనకు షుగర్, రోజూ ఇన్సులిన్. వాడిన సూదులు చెత్తతో పాటు దిబ్బలోకి. ఎనుములకు వేసిన సూదులూ అందులోకే. ఆస్పత్రోళ్లు చెత్త ఎక్కడబడితే అక్కడ పడేస్తారని తిట్టేవాణ్ణి, మా ఇంట్లో నేను చేసిందీ అదే.

నంద్యాల తీసుకుపోతే డాక్టర్ మొదట అడిగింది, "ఆ సూది ఎవరికి వాడింది?" అని. నాకు నోరు రాలేదు. మనిషిదో గొడ్డుదో కూడా తెలియదు. టీటీ వేసి, హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టారు. నాయన రక్తం కూడా చూశారు. "నా సూదేనారా?" అని ఆయన దారి పొడుగునా అడుగుతానే ఉన్నాడు. ఆయన రక్తంలో ఏమీ లేదు. అయినా అక్కకు ఇంకో పరీక్ష మిగిలే ఉంది. అంతవరకు ఆమె ఎదురుపడితే నా తల లేవదు.

హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడడంతో ఈ జబ్బు పాకి పదుల మంది చనిపోయారు.

కాల్చేస్తే పోదా అంటారు. సూది కాలదు. సెలైన్ పైపుల్లాంటి ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ అనే విషం లేస్తుంది. అది గడ్డి మీద పడి, మేసిన ఎనుము పాలలోకి వస్తుంది.

2016 రూల్స్ ప్రకారం ఆస్పత్రులు, పశువుల ఆస్పత్రులు కూడా సూదుల్ని పొడుచుకురాని తెల్ల డబ్బాలో విడిగా వేయాలి. మనం ఇంట్లో గట్టి ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుంటే చాలు. నేను ఇప్పుడు అందులో వేసి, నిండకముందే మూత బిగించి, పీహెచ్‌సీలో అడిగి ఇచ్చొస్తున్నా.

ఎవరికైనా గుచ్చుకుంటే నోటితో పీల్చొద్దు. పారే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోండి. హెచ్‌ఐవీ రాకుండా మందు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

ఈసారి ఎరువు తోలేముందు దిబ్బను పారతో తిరగేసి చూడండి. చేత్తో మాత్రం వద్దు.