సర్వర్ మీద ఏది ఎక్కిద్దాం?

ఏమండీ, తీరిగ్గా ఉన్నారా? ఇలా రండి, గోడ దగ్గరికి. ఆగండాగండి, ఆ విమానాన్ని పోనివ్వండి... హాఁ, ఇక వినిపిస్తుంది. కొత్వాల్‌గూడలో కబుర్లంటే మధ్యలో ఇవి తప్పవు మరి.

శంషాబాద్ దాటి చందనవెల్లి వైపు ఎప్పుడైనా వెళ్లారా? అమెజాన్ వాళ్ల డేటా సెంటర్ ఉందక్కడ. 2022 నవంబరులో వాళ్ల క్లౌడ్‌కి హైదరాబాద్ రీజియన్ మొదలైంది. అంటే మనింటి దగ్గర్లోనే సర్వర్ అద్దెకు దొరుకుతోంది! తీసుకోబోతే మొదట అడిగే ప్రశ్నే అసలు పండగ: ఏ ఓఎస్ కావాలి? డెబియన్, రెడ్ హ్యాట్, ఫ్రీబీఎస్‌డీ... ఎన్నెన్నో. మనవాళ్లేం చేస్తారు? కళ్లు మూసుకుని ఉబుంటు నొక్కేస్తారు. చీరల కొట్టుకెళ్లి, పైన కనబడ్డదే కట్టివ్వమన్నట్టు! రెండోది విప్పించరా? అంచు చూడరా?

ఉబుంటుని నేనేమీ అనను. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వస్తుంది, ఐదేళ్లు అప్‌డేట్లిస్తారు. బుద్ధిమంతురాలు. కానీ వాళ్ల అమ్మ డెబియన్‌ని పలకరించారా? 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. డెబ్రా అనే అమ్మాయి పేరు, తన పేరు కలిపేశాడు. ఒక్కో వెర్షన్‌కి టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మ పేరు. ఇంకా కుదురుకోని దానికి మాత్రం ఎప్పుడూ సిడ్ పేరే. ఎవరా సిడ్? ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు! ముద్దొస్తుందా లేదా? పైగా దీనికి కంపెనీ యజమాని లేడు. కంపెనీ చేతిలో ఉన్న సెంటోస్ వాడినవాళ్లనడగండి ఆ సుఖమేమిటో. సెంటోస్ 8కి 2029 దాకా ఢోకా లేదనుకుంటే, 2021 చివరికే ముగించేశారు. పాపం, రాకీకి, ఆల్మాకి ఇల్లు మార్చుకున్నారు జనం.

ఫైళ్లు దాచే సర్వరా? అయితే నా ఓటు ఫ్రీబీఎస్‌డీకే. ఎంత పొందికో! సిస్టం తనది ఒకచోట, మీరు తెచ్చిపెట్టుకున్నవన్నీ యూఎస్సార్ లోకల్ కింద. ఒకదాని గదిలోకి ఒకటి రాదు. ఇక అందులోని ఫైల్ సిస్టం జెడ్‌ఎఫ్‌ఎస్! స్నాప్‌షాట్ అంటే కాపీ కొట్టడం కాదు కాబట్టి ఎంత డేటా ఉన్నా చిటికెలో అయిపోతుంది. అప్‌గ్రేడ్ బెడిసికొట్టిందా? పాత బూట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి బూట్ చేస్తే ముందెలా ఉందో అలాగే. నెట్‌ఫ్లిక్స్‌లో మీరు చూసే సినిమాలు పంపే పెట్టెలు కూడా ఫ్రీబీఎస్‌డీవే, తెలుసా?

గుమ్మం దగ్గర కాపలాకి ఓపెన్‌బీఎస్‌డీ. దాని ఫైర్‌వాల్ పీఎఫ్. రూల్స్ చదువుతుంటే మాటల్లాగే ఉంటాయండీ: ముందు అన్నీ ఆపు, తర్వాత వీటిని వదులు. సరిపోయిన రూల్స్‌లో చివరిదే చెల్లుతుంది. ఏ రూల్‌లోనైనా 'క్విక్' అని చేర్చారో, కథ అక్కడే కంచికి. నాకు దీనిమీద ఇంత ప్రేమేమిటని మా వదిన విసుక్కుంటుంది. ఎందుకుండదు? మీ లినక్స్ సర్వర్‌లోకి రోజూ ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తారే, ఆ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఈ పుట్టింటి నుంచే వచ్చింది.

అటక మీద పాత లాప్‌టాప్ ఉందన్నారు కదా? దించండి. ఈ ఆదివారం ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించండి. రూట్‌గా లాగినవగానే మీకో ఉత్తరం వచ్చి ఉంటుంది, దాన్ని మొదలుపెట్టిన థియో డి రాట్ పేరు మీద. ఇంకా నెట్ కూడా కలపకముందే! విప్పి చదవండి. తర్వాత ఏం చేయాలో అన్నీ అందులోనే చెప్పాడాయన.