అనధ్యాయం నాటి ఆట

పాలకొల్లులో, క్షీరారామేశ్వరస్వామివారి తొమ్మిది అంతస్తుల గోపురం వీధి మొగలోనుండి కనబడే ఒక ఇంటిలో, కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖను అధ్యయనం చేసిన యువకుడొకడు ఉన్నాడు. వయస్సు ఇరవైరెండు. సంహిత, పదం, క్రమం ముగించి ఘనపరీక్షకు సిద్ధపడుతున్నాడు. అతనికి మూడు వ్యసనాలున్నవని అతని తండ్రి అంటూ ఉంటారు. మొదటిది చదువు, రెండవది వాలీబాలు, మూడవది కథలు వ్రాయడం. "చదువు కూడా వ్యసనమేనా అండీ?" అని తల్లి అడిగితే, "పద్నాలుగు గంటలు లేవకుండా కూర్చుంటే అదీ వ్యసనమేనే" అని ఆయన సమాధానం.

తండ్రి వృత్తిచేత అర్చకుడు. కొడుకు చదివినంతసేపూ సంతోషమే గాని, సాయంకాలం హైస్కూలు మైదానంలో పంచె ఎగగట్టి బంతి కొట్టడం ఆయనకు రుచించేది కాదు. "బంతి పట్టిన చేత్తోనే పంచపాత్ర పట్టుకుంటావా?" అని ఒకటి రెండు పర్యాయాలు అన్నారు కూడా. కథల సంగతి మొదట ఆయనకు తెలియదు. తెలిసిననాడు ఏమీ అనలేదు. ఆ మౌనమే కొడుకును ఎక్కువ బాధించినది.

కార్తీకమాసం పంచారామయాత్రికుల రద్దీతో గడిచిపోయినది. అమరావతి నుండి బయలుదేరి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్కరోజులో చుట్టివచ్చే బస్సులు వేకువనుండీ ఆగుతూనే ఉండెను. ఆ నెల తండ్రికి సహాయం చేయడంతో సరిపోయినది. అందుచేత మార్గశిరం రాగానే అతడు ఒక నియమం పెట్టుకున్నాడు. మండలం దినాలు బంతి ముట్టరాదు, కథ వ్రాయరాదు. బ్రాహ్మీముహూర్తం మొదలు రాత్రి పది గంటల వరకు అఖండపఠనం. ఈ కాలపు పిల్లలు దీనిని మారథాన్ అంటారట. నలభైరెండు కిలోమీటర్లు పరుగెత్తేవాడు ఆ దూరాన్ని ప్రతిదినమూ పరుగెత్తడు. ఈ చిన్న సంగతి మాత్రం పుస్తకం ముందు కూర్చునేవారికి స్ఫురించదు.

ఘనపాఠం శ్రమ ఎట్టిదో వినినవారికి తెలియును. ఒకటవ పదం, రెండవ పదం, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి, మరల ఒకటి, రెండు, మూడు. ఒక్కొక్క ఘట్టానికి 13 పదాలు. అది ముగియగానే రెండవ పదం మొదటిదై, తిరిగి అదే వరుస. సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు. ఒక్క స్వరం తప్పినా, ఒక్క సంధి మరచినా, ఆ ఘట్టమంతా మళ్ళీ మొదటికి రావలసినదే. శబ్దసాదృశ్యం అన్నింటికంటె పెద్ద ప్రమాదం. రెండు అనువాకాలలో ఒకే పదసముదాయం వచ్చినచోట, నాలుక ఒకదానినుండి రెండవదానిలోనికి తనకు తెలియకుండానే జారిపోతుంది. చెప్పేవానికి తెలియదు, వినే గురువునకు తెలుస్తుంది.

మూడు వారాలు గడిచినవి. చెప్పిన పనసల లెక్క పెరిగినది, గొంతు బొంగురుపోయినది. స్వరితం వేయవలసినచోట కంఠం లేవడం మానినది. అతడు చించినాడ వంతెన దాటి కోనసీమలోని గురువుగారి ఇంటికి వెళ్ళి, అరుగుమీద కూర్చుని పాఠం అప్పగించడం ప్రారంభించినాడు. పావుగంటలో రెండుసార్లు దారి తప్పినాడు. ఆ రెండు స్థలాలూ పన్నెండేళ్ళ ప్రాయంలో వల్లె వేసినవే.

గురువుగారు ఆపి అడిగినారు. "ఏమోయ్, మొన్న అష్టమినాడు ఏం చేశావు?"

"చదివానండి."

"చతుర్దశినాడు?"

"అప్పుడూ చదివానండి."

"పాడ్యమినాడు?"

యువకుడు తల వంచుకున్నాడు.

"పన్నెండేళ్ళు నా దగ్గర ఉన్నావు. ఆ నాలుగు రోజులూ నేను నిన్నెప్పుడైనా కూర్చోబెట్టానా? లేదు కదా. ఎందుకు కూర్చోబెట్టలేదో ఒక్కసారైనా అనుమానం రాలేదుటోయ్?"

అనుమానం రాకపోవడం అతని ఒక్కనిదే లోపం కాదు. వేదపాఠశాలలో సెలవును నిర్ణయించేది వారం కాదు, తిథి. పక్షానికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ లేక అమావాస్య. మొత్తం నెలకు ఎనిమిది దినాలు. అమావాస్యనాటి అధ్యయనం గురువునకు, చతుర్దశినాటిది శిష్యునకు, అష్టమీ పూర్ణిమలది వేదానికే హాని చేయునని మనుస్మృతి నాల్గవ అధ్యాయం ఎంత తీవ్రంగా చెప్పినదో చదివినవారికి తెలుసు. ఈ వచనాలను ఆధునికులు కొందరు మూఢవిశ్వాసమని త్రోసివేస్తారు, సంప్రదాయజ్ఞులు కొందరు కారణం అడుగరాదని నోరు నొక్కుతారు. ఇరువురూ తొందరపడినట్లే. వ్రాతపుస్తకం లేకుండా, కేవలం కంఠంమీదా ధారణమీదా వేల సంవత్సరాలు ఒక శబ్దరాశిని నిలుపవలసినవారికి, కంఠానికీ ధారణకూ విశ్రాంతి ఎప్పుడివ్వాలో తెలియకపోవునా? విశ్రాంతిని శిష్యుని ఇష్టానికి వదలితే సోమరి ఎక్కువ తీసుకుంటాడు, శ్రద్ధాళువు అసలే తీసుకోడు. తిథికి ముడిపెడితే ఇద్దరికీ ఒకటే కొలత.

అయితే ఈ నియమానికి ఎల్లలున్నవి. క్రొత్తగా సంత చెప్పించుకోవడానికీ, అధ్యయనానికీ అనధ్యాయమే గాని, నిత్యస్వాధ్యాయానికీ, హోమమంత్రాలకూ, వేదాంగాలకూ అది వర్తించదని మనువే రెండవ అధ్యాయంలో మినహాయించినాడు. అందుచేతనే అమావాస్యనాడు క్షీరారామంలో రుద్రాభిషేకం ఆగదు. బ్రహ్మయజ్ఞానికి తైత్తిరీయారణ్యకం రెండే అనధ్యాయాలు చెప్పినది. చేయువాడు అశుచిగా ఉండుట ఒకటి, స్థలం అశుచిగా ఉండుట రెండవది. కావున అనధ్యాయం భగవంతునినుండి సెలవు కాదు, పుస్తకభారంనుండి సెలవు.

గురువుగారు ఆ అరుగుమీద మరొక మాట జ్ఞాపకం చేసినారు. సుందరకాండలో హనుమంతుడు తోడి వానరులకు లంకలో చూచిన సీతమ్మవారి స్థితిని వర్ణిస్తూ, పాడ్యమినాడు చదివేవాని విద్యవలె ఆమె కృశించి ఉన్నదన్నాడు. రామాయణం పారాయణ చేసేవారందరి నోటా ఈ పోలిక వెళ్తూనే ఉంటుంది, నిలిచి చూచేవారు అరుదు. చదువక కృశించిన విద్య అనలేదు. చదువరాని దినమున కూడా చదివినందుచేత కృశించిన విద్య అన్నాడు. నవవ్యాకరణవేత్త నోటినుండి వచ్చిన మాట అది.

మరి ఆ దినాలలో బ్రహ్మచారులు ఏమి చేసేవారు? భవభూతి ఉత్తరరామచరితం నాల్గవ అంకం దానికి చక్కని సాక్ష్యం. వాల్మీకి ఆశ్రమానికి వసిష్ఠుడు, అరుంధతి, జనకుడు, కౌసల్య వచ్చినారు. పెద్దలు వచ్చినందున శిష్టానధ్యాయం. వటువులు కేకలు వేస్తూ ఆడుకుంటున్నారు. ఆ ఆటలో ఉన్న ఒక బాలునిమీద కౌసల్య చూపు పడినది, రాముని పోలికలు కనబడినవి. ఆ బాలుడు లవుడు. పిమ్మట అశ్వమేధాశ్వం వచ్చినదని పరుగెత్తి చెప్పినదీ ఆ ఆడుకునే పిల్లలే. నానమ్మ మనుమని చూచుకొనుటకు కవి ఎంచుకున్నది పాఠం చదివే వేళ కాదు, ఆటవేళ. పాఠవేళలో అందరు వటువులూ ఒక్కలాగే కనబడియుందురు.

ఆటను శాస్త్రం నిందించినదని చెప్పేవారు ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం చూపుతారు. అది పాచికల జూదం, భార్యను, ఇంటిని, నిద్రను పోగొట్టుకున్నవాని విలాపం. పందెం లేని ఆటను గూర్చి ఆ సూక్తం మాటాడలేదు. గోదావరి మండలాలవారికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు, సంక్రాంతినాడు కోడిపుంజు కాలికి కత్తి కట్టేవారూ, అదే మైదానంలో కబడ్డీ ఆడేవారూ ఇక్కడే ఉన్నారు. బ్రహ్మసూత్రకారుడు జగత్సృష్టికి ప్రయోజనమేమన్న ప్రశ్న వచ్చినప్పుడు లీల అన్నాడు. కోరికలన్నీ తీరిన రాజు ఏ ఫలమూ ఆశించక క్రీడావిహారాలలో ప్రవర్తించినట్లు అని శంకరభగవత్పాదులు భాష్యం వ్రాసినారు. ఫలాపేక్ష లేని కర్మకు లోకంలో ఉదాహరణ వెదకవలసివస్తే ఆచార్యులకు దొరికినది ఆట. సాయంకాలం నాలుగున్నరకు పాయింటు పోయినందుకు నవ్వి, ఐదున్నరకు ఇంటికి వచ్చి స్నానం చేసి, సంధ్య వార్చుకునేవాడు ఆ భాష్యానికి విరుద్ధంగా ఏమి చేస్తున్నట్లు?

కథల విషయం ఇంత సులభం కాదు. బంతి మైదానంలో ఉండిపోతుంది, కథ వెంట వస్తుంది. గాయత్రీజపం నడుమ పాత్ర వచ్చి నిలబడి మాటాడడం మొదలుపెట్టినదని ఆ యువకుడు గురువుగారితో దాచక చెప్పినాడు. ఇది వ్రాసేవారందరికీ అనుభవమే. దీనిని చిన్నదిగా చూపడం ఆత్మవంచన. కావ్యాలాపాలు విడువవలెనన్న స్మృతివచనం ఒకటి పండితలోకంలో ప్రసిద్ధం. మెదకు సీమ కొలిచెలమకు చెందిన మన మల్లినాథసూరి రఘువంశవ్యాఖ్య ఆరంభంలోనే దానిని ఎదుర్కొని, ఆ నిషేధం అసత్కావ్యాలకే పరిమితమని తీర్చినాడు. తీర్చినాడు సరే, ఏది సత్కావ్యమో వ్రాసేవానికి వ్రాసేటప్పుడు తెలుస్తుందా? మల్లినాథుడు వ్యాఖ్యానించినది కాళిదాసును, వీధి చివరింటి కుర్రవానిని కాదు.

ఈ సంకటం గోదావరీతీరానికి క్రొత్త కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1891లో పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టినారు. వేదం, శ్రౌతం, జ్యోతిషం నడిచే ఇల్లు. ఆ ఇంట తెలుగు రచన చదువుక్రింద లెక్కకు వచ్చేది కాదు. ఆయన సంస్కృతం చదివి, తెలుగు కథకు వచ్చినారు. ఆ పెనుగులాటనంతా 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అన్న స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. ఆ చేతితోనే వాల్మీకిరామాయణాన్ని తెలుగు వచనంలో పెట్టినారు. ఆయన 'వడ్లగింజలు' కథలో చదరంగంలో ఆరితేరిన ఒక బ్రాహ్మణయువకుడు పెద్దాపురం సంస్థానానికి పోయి, బహుమానంగా మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున వడ్లు అడుగుతాడు. అరవైనాలుగు గళ్ళకు లెక్క కడితే 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఏ సంస్థానం గాదెలలోనూ అన్ని లేవు. శాస్త్రం చదివిన ఇంటిలో పుట్టినవాడు, ఆటను వస్తువుగా తీసుకొని, తెలుగువారు మరువలేని కథ వ్రాసినాడు. చదువు, ఆట, కథ ఆయన కలంలో ఒకదానినొకటి తరుముకొనలేదు. ఆయన జీవితంలో తరుముకొనలేదని మాత్రం ఎవరూ అనలేరు. స్వీయచరిత్ర చదివితే వెల ఎంతో తెలుస్తుంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి తొమ్మిదవ అనువాకాన్ని ఆ యువకుడు ఎన్నివందల మార్లు చెప్పియుంటాడో. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథులు ఇట్లు పన్నెండింటిని చెబుతూ, ప్రతిదానితోనూ స్వాధ్యాయప్రవచనాలను జోడిస్తుంది ఉపనిషత్తు. ఆ పన్నెండింటిలో తొమ్మిదవది మానుషం. లౌకికవ్యవహారమని భాష్యం. అగ్నిహోత్రం ప్రక్కన, అతిథి ప్రక్కన, మనుష్యులతో మెలగడం. అది చదువుకు అడ్డమని ఉపనిషత్తు అనలేదు, దానితో కూడా చదువు ఉండవలెనన్నది. పొరుగింటి ముసలమ్మ మాటను చెవిలో పెట్టుకొని కాగితంమీద పెట్టేవాడు మానుషాన్ని కొంచెం జాగ్రత్తగా చూస్తున్నవాడే.

మండలవ్రతం ఇరవైమూడవ దినాన ముగిసినది. అరిష్టమేమీ జరుగలేదు. ఇప్పుడు నెలకు ఎనిమిది దినాలు అతడు సంహితను మూసివేస్తాడు. ఆ దినాలలో సాయంకాలం ఆట, మధ్యాహ్నం వ్యాకరణం లేదా కథ. మిగిలిన దినాలలో పది గంటలకు మించి చదువు లేదు. కథలోని పాత్ర జపం నడుమ వస్తే త్రోలడు, చూడడు. జపమాల ఆగకుంటే చాలునని గురువుగారి ఆదేశం. ఒక్కొక్కనాడు ఆగుతుందనీ, ఆనాడు మొదటినుండి లెక్కిస్తాడనీ తల్లి చెబుతారు. మైదానంలోని స్నేహితులు మొదట విస్తుపోయినారు. ఇప్పుడు వారే పంచాంగం చూసి, "అష్టమి బుధవారం వచ్చిందిరా, ఆరుగురం సరిపోతాం" అని ఫోను చేస్తున్నారు. తండ్రి ఆటమాట ఎత్తడం లేదు. స్నానానికి నీళ్ళు తోడి ఉంచడం ఎప్పటినుండి మొదలుపెట్టినారో ఎవరూ గమనించలేదు.

పుష్యమాసంలో అతడు మరల వంతెన దాటి వెళ్ళినప్పుడు, పాఠం అప్పగించిన పిమ్మట, గురువుగారు తామే చేయి చాచి, "ఆ కథ ఏదీ, ఇలా ఇవ్వు" అన్నారు. యువకుడు సంచిలోనుండి నాలుగు కాగితాలు తీసి ఇచ్చి, ప్రక్కకు తిరిగి కూర్చున్నాడు. శిష్యులు అందరూ వెళ్ళిపోయిన ఇంటిలో ఒంటరిగా మిగిలిన ఒక వృద్ధాచార్యుని కథ అది. గురువుగారు కళ్ళద్దాలు సవరించుకుంటూ నిదానంగా చదివినారు, ఒకచోట ఆగి మరల వెనుకకు వెళ్ళి చదివినారు. ఎవరి కథ అని అడుగలేదు. బాగున్నదనిగాని, బాగులేదనిగాని అనలేదు.

"ఈ పెద్దాయన చతుర్దశినాడు సంత చెబుతున్నాడేమిటోయ్?" అన్నారు.

యువకుడు కాగితం తీసుకుని, అక్కడే అరుగుమీద, చతుర్దశిని కొట్టివేసి ద్వాదశి అని దిద్దినాడు.