పద్దులో లేని ప్రయాణం

ఈసారి వార్షికోత్సవ సంచికకు మమ్మల్ని కూడా ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. మన హాస్టలు పాత విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, డిప్యూటీ తహసీల్దార్లున్నారు, టీచర్లయితే లెక్కే లేదు. వాళ్లందరినీ వదిలి మమ్మల్నెందుకు అడిగారో తెలియదు. మేమిద్దరం చేసేది ఆఫీసు పని. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన వైద్య పరిశోధనశాలలో ఒకరం లెక్కలు చూస్తాం, ఒకరం కొనుగోళ్లు, స్టోరు చూస్తాం. తెల్లకోటు వేసుకునేవాళ్లు వేరే ఉన్నారు. "ల్యాబుల పనిజేస్తున్నవంట గదా బిడ్డా, ఈ మోకాళ్ల నొప్పికి ఏదన్న గోళీ రాసియ్యి" అని ఊళ్లో అడిగినప్పుడల్లా నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

మాలో ఒకరిది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇంకొకరిది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో నారాయణపేట పక్క పల్లె. అమ్మానాయనలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి మట్టిపనికి వలసపోతే, దేవరకొండలో ఉండే మేనమామ చేయి పట్టుకొచ్చి నల్లగొండలో మన హాస్టల్లో చేర్పించాడు. అప్పటి నుంచి ఇద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్లమే.

లెక్కల పని మాకు బీకాంలో రాలేదు. మన హాస్టలు స్టోరు రూములో వచ్చింది. మెస్ కమిటీలో ఉన్నప్పుడు వార్డెన్ సారు ముందర బియ్యం, పప్పు, నూనె తూకం వేయించి స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్లం. బడ్జెటు రిలీజు కాక మెస్ బిల్లులు ఆగిపోతే కిరాణా సేటు ముఖం ఎట్లా మారేదో ఇప్పటికీ గుర్తుంది. పిల్లలకు అన్నం ఆగొద్దని సారు బతిమాలి ఉద్దెర తెచ్చేవారు. ల్యాబుకు వచ్చాక చూస్తే అక్కడా అదే కథ. కాకపోతే బియ్యం స్థానంలో రసాయనాలు, సేటు స్థానంలో సప్లయర్ కంపెనీ.

ప్రాజెక్టు డబ్బు ఎట్లా వస్తుందో కొంచెం చెప్పాలి. ఇది తెలియక పీహెచ్‌డీ చేస్తున్న మన తమ్ముళ్లే "డబ్బు శాంక్షన్ అయింది గదా అన్నా, ఎందుకియ్యరు" అని మా మీద కోపగించుకుంటారు. ప్రొఫెసరు పరిశోధన ప్రతిపాదన రాసి ఐసీఎంఆర్‌కో, డీఎస్‌టీకో, డీబీటీకో పంపుతారు. మంజూరు ఉత్తర్వు వస్తుంది. అందులో డబ్బు ఒక్క ముద్దగా ఉండదు, పద్దుల వారీగా ఉంటుంది. పరికరాలకు ఇంత, సిబ్బందికి ఇంత, రసాయనాలకు ఇంత, ప్రయాణాలకు ఇంత, కంటింజెన్సీ ఇంత, పైన సంస్థకు ఓవర్‌హెడ్ ఇంత. ఒక పద్దులోని రూపాయి ఇంకో పద్దులో వాడాలంటే నిబంధన చూడాలి, చాలాసార్లు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. మార్చి 31కి లెక్క కట్టి వినియోగ ధ్రువపత్రం పంపాలి. ఆఫీసులో దాన్ని యూసీ అంటాం. ఒకప్పుడు ఆ ఫారం పేరు 19-ఎ, 2017లో కొత్త ఆర్థిక నిబంధనలు వచ్చాక 12-ఎ. అది ఒప్పుకుంటేనే రెండో విడత డబ్బు. గ్రాంటు బ్యాంకులో ఉంటే పడే వడ్డీ కూడా మనది కాదు, తిరిగి కేంద్రానికి కట్టాలి.

మా ల్యాబుకు ఫ్లోరోసిస్ మీద ఒక ప్రాజెక్టు వచ్చినప్పుడు మా సంతోషం అంతా ఇంతా కాదు. నల్లగొండ నీళ్ల గురించి ఈ సంచిక చదివేవాళ్లకు మేం చెప్పేదేముంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, నలభై ఏళ్లకే వంగిన నడుము మన ఇళ్లలోనే చూశాం. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటే, మన బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఈ జబ్బు గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా పేరు పెట్టి రాశారు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో, ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి రాశారు. పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడు తీసే విధానానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది, నీళ్లు మాత్రం రాలేదు. చివరికి 1996 పార్లమెంటు ఎన్నికల్లో ఆ నీళ్ల కోసమే నల్లగొండలో 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ కథలన్నీ వింటూ పెరిగినవాళ్లం కాబట్టి, ఆ ఫైలు మీద ప్రాజెక్టు పేరు మేమే స్కెచ్ పెన్నుతో అందంగా రాశాం.

మొదటి తప్పు సీసాలతో మొదలైంది. మూడు కొటేషన్లలో తక్కువ ధర గాజు సీసాలకు వచ్చింది. ఎల్-1 అని టిక్కు పెట్టి పంపించాం. మేడం గారు ఫైలు పట్టుకుని మా గదికే వచ్చారు. ఫ్లోరైడు గాజుతో కలుస్తుంది, లెక్క తప్పుతుంది, మూత్రం సేకరించడానికి ప్లాస్టిక్ సీసాలే కావాలి అని ఓపికగా చెప్పారు. ఆ రోజు నుంచి కొనే వస్తువు ఎందుకో అడగకుండా టిక్కు పెట్టడం మానేశాం. ఇది నవ్వుకునే తప్పు. రెండోది అట్లాంటిది కాదు.

ఫిబ్రవరిలో క్యాంపు పెట్టారు. పెట్టింది మా ఊళ్లోనే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చారు. రెండు వందల మందికి పైగా పరగడుపున వచ్చి నెత్తురిచ్చారు. మా పెద్దనాయన అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. ఆయన మెడ తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. జీపు కిరాయికి, వచ్చినవాళ్ల టిఫిన్లకు మేడం పేరు మీద అడ్వాన్సు తీశాం. టిఫిన్లు పెట్టిన హోటలాయన బిల్లుకు బదులు సిగరెట్టు డబ్బా అట్ట మీద లెక్క రాసిచ్చాడు. అది ఆడిట్‌లో చెల్లదు. చెల్లే బిల్లు తెచ్చేలోపు మార్చి 31 వచ్చింది. సెటిల్ కాని అడ్వాన్సును ఖర్చుగా చూపకూడదు. అది తెలిసి కూడా, ఎవరు చూస్తారులే అని ఖర్చు కింద రాసి యూసీ పంపేశాం. మేస్త్రి అడ్వాన్సు ఎట్లా మెడకు చుట్టుకుంటుందో చిన్నప్పుడే చూసినవాడు మాలో ఒకడున్నాడు. అయినా అట్లా చేశాం.

యూసీ తిరిగి వచ్చింది. రెండో విడత ఆగింది. ప్రాజెక్టులో పనిచేసే ముగ్గురు పిల్లలకు నాలుగు నెలలు జీతం లేదు. అప్పుడే మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు నిర్వహణ ఒప్పందం గడువు అయిపోయింది. దాన్ని పొడిగించడానికి ప్రాజెక్టులో పద్దు లేదు, ఉన్న కంటింజెన్సీ రెండో విడతలో రావాలి. ప్రాజెక్టు ఫ్రీజరుకు మేమెందుకు కట్టాలని పైఆఫీసు వాళ్లు రాశారు. ఫైలు కిందికి, మీదికి తిరిగింది. ప్రతిసారీ దాని మీద మా సంతకం ఉంది.

మే నెలలో ఒక శుక్రవారం రాత్రి కరెంటు పోయి వచ్చింది. కంప్రెసరు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. సోమవారం పొద్దున మేం వెళ్లేసరికి గదిలో నేలంతా నీళ్లు. జీతం రాని ముగ్గురిలో ఒకమ్మాయి రాక్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. సీరంలో హార్మోను చూడాలంటే అది గడ్డకట్టి ఉండాలి. ఆమె ఏడవలేదు, మమ్మల్నేమీ అనలేదు. "లాగ్‌బుక్కులో ఏమని రాయాలి సార్?" అని మాత్రం అడిగింది. మాకు నోట మాట రాలేదు.

దసరాకు ఊరికి పోతే పెద్దనాయన ఒళ్లంతా మా వైపు తిప్పి అడిగాడు. "ఏమొచ్చింది బిడ్డా, మా నెత్తుర్ల?"

"ఇంకా రాలేదు పెద్దనాయనా, టైం పడ్తది" అన్నాం.

"మా నాయన ఉన్నప్పుడు గూడ డాక్టర్లు వొచ్చిన్రు. ఫొటోలు దీస్కపోయిన్రు. మల్ల ఎవ్వరు రాలే."

బతుకమ్మ ఆటలు అయ్యేదాకా ఉందామనుకుని వెళ్లినవాళ్లం, తెల్లారి బస్సుకే తిరిగొచ్చాం.

తర్వాతి ఏడు మేడం కొత్త ప్రతిపాదన రాస్తూ బడ్జెటు కాగితాలు మా ముందు పెట్టి "మీరే వేయండి" అన్నారు. ఫ్రీజరు నిర్వహణకు మొదటి ఏడు నుంచే డబ్బు వేశాం. కరెంటు పోతే ఫోనుకు మెసేజ్ పంపే అలారం వేశాం. అన్నీ రాశాక కూడా ఏదో మిగిలిపోయినట్టే ఉంది. అంతకు ముందు మేం చూసిన బడ్జెట్లన్నీ బీరువాలోంచి తీసి చూశాం. ఊరికి పోయి నెత్తురు తేవడానికి డబ్బుంది, ఢిల్లీలో సదస్సుకు పోవడానికి డబ్బుంది. మళ్లీ ఊరికి పోయి ఏమొచ్చిందో చెప్పడానికి ఒక్కదాంట్లోనూ పైసా లేదు. పద్దు లేదు కాబట్టే పోరు. పోనందుకు ఎవరికీ మెమో రాదు. అందుకని 'ఫలితాలు గ్రామాలకు చేర్చుట: ప్రయాణం, తెలుగు ముద్రణ' అని ఒక వరుస కొత్తగా రాశాం.

అది పరిశోధన ఖర్చు కిందికి రాదని కొర్రీ వేశారు. పరిశోధనలో తేలిన విషయాలు అవసరమైన చోట పాల్గొన్నవాళ్లకూ, సమాజానికీ తెలియజేయాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల్లోనే ఉంది. మేడం ఆ మాట చూపించి జవాబు రాశారు. జవాబు టైపు చేసింది మేమే. సగం మంజూరైంది. సగమైనా ఒక పద్దు పుట్టింది.

మళ్లీ నెత్తురు అడగాలంటే ముందు నిజం చెప్పాలి. అప్పటికి మా ఊరికి భగీరథ నల్లా నీళ్లు వచ్చాయి. చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, పెద్దవాళ్ల ఎముకలు మాత్రం ఎట్లా వంగినవి అట్లే ఉన్నాయి. గ్రామ పంచాయతీ ముందర అందరి ఎదుట, పోయినసారి నెత్తురు పాడైందనీ, ఫైలు ఆగింది మా తప్పుతోననీ చెప్పాం. కొంతమంది లేచి వెళ్లిపోయారు. పెద్దనాయన కదలలేదు.

"ఫ్రిజ్జు చెడితె చెడె" అన్నాడు. "ఏడాది సంది నువ్వు చెప్పకపోతివి గదా."

ఆయన మోచేయి పూర్తిగా చాపరాదు. నర్సమ్మ ముంచేతి వెనక నరం వెతికి తీసింది. టిఫిన్లు అదే హోటలాయన పెట్టాడు. ఈసారి ముందురోజే వెళ్లి నంబర్లున్న బిల్లు బుక్కు కొనిపెట్టుకోమని చెప్పి వచ్చాం.

ఏడు నెలలకు ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం, తెలుగులో. ఏది ఎంత ఉండాలి, మీకు ఎంత ఉంది, ఏ ఆస్పత్రిలో ఎవరిని కలవాలి అని రాయించాం. ఆ పద్దులోంచే జీపు కట్టుకుని ఇద్దరం పోయాం. పెద్దనాయనకు చదువు రాదు, మమ్మల్నే చదవమన్నాడు. అంకెలు మంచిగా లేవు. ఉన్నది ఉన్నట్టే చదివాం. ఇంకోసారి చదవమన్నాడు, చదివాం. తర్వాత కాగితం మడత పెట్టి, ఇంట్లోకి పోయి, పట్టాదారు పాసుబుక్కు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.