షేరూ మోకాళ్ళు, మామూ గోలీలు

ముసలి కుక్క కుంటుతుంటే మన ఇళ్ళల్ల రెండే మాటలు వినిపిస్తయి. ఒకటి, "ఉమర్ అయిపోయింది, ఇంకేం ఇలాజ్?" రెండోది, "మన నొప్పుల గోలీ సగం వెయ్." మొదటి మాటల రహం లేదు. రెండోదాంట్ల రహం ఉంది గానీ అదే ఎక్కువ ఖతర్నాక్.

బీచుపల్లి దగ్గర మా మామూ చేనుకు పదకొండేళ్ళుగా షేరూనే చౌకీదార్. మొన్నటి చలికాలం పొద్దుపొద్దున వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ లేస్తుండె. మెట్టెక్కుడు మానేసింది. నడుం ముడితే గుర్రుమంటుండె. కుక్క తన దర్ద్‌ను ఏడ్చి చెప్పదు, ఇట్లనే చెప్తది. పక్క చేను ఆయన, "కృష్ణ బ్రిడ్జి దాటించి వదిలేయ్ భాయ్" అన్నడు. మామూ జవాబియ్యలే. జేబులకెంచి తన మోకాళ్ళ నొప్పి గోలీ తీసిండు. డైక్లోఫినాక్. నేను చెయ్యి పట్టుకున్న.

మనకు దవా అయింది దానికి జహర్ కావచ్చు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపుల పుండ్లు చేస్తయి, నెత్తురు కారేటట్టు చేస్తయి, కిడ్నీలు చెడగొడ్తయి. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ పోతది. డైక్లోఫినాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించిపోయే హాలత్ వస్తే, 2006లో మన దేశం పశువుల ఇలాజ్‌లో దాన్ని బంద్ చేసింది.

పశువుల దవాఖానల డాక్టర్ సాబ్ షేరూను తూకం వేసి, కీళ్ళు ఒత్తి చూసి, కిడ్నీ, లివర్ కోసం నెత్తురు పరీక్ష చేయించిండు. ఆ తర్వాతే బరువును బట్టి మెలాక్సికామ్ రాసిండు. తిండి పెట్టినంకనే ఇయ్యాలె. దాంతోటి ఇంకో నొప్పి మందు గానీ, స్టెరాయిడ్ గానీ కలపొద్దు. వాంతి, నల్లటి విరేచనం, తిండి మానుడు, వీట్ల ఏది కనిపించినా గోలీ ఆపి ఫోన్ చెయ్యాలె.

సగం ఇలాజ్ గోలీల లేదు. బరువు తగ్గితే కీళ్ళకు ఆరామ్, అందుకే దావత్‌ల మిగిలిన బిర్యానీ బంద్. నున్నటి బండల మీద గోనెపట్టాలు పరిచినం. పండుకునే తావుల మెత్తటి బొంత, చలిగాలి తగలకుండ అడ్డం. దూరం ఉరికించకుండ, రోజుకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెం నడిపిస్తున్నం. గోలీని ఉల్లిగడ్డ కలవని కీమా ముద్దల పెడ్తం, ఎందుకంటే ఉల్లిగడ్డ కూడ కుక్కకు జహరే.

"కుక్క నజిస్ కదా, ఇంత ఖిద్మత్ ఎందుకు?" అని ఖాలా అడిగింది. చేను కాపలాకు కుక్కను ఉంచుకునే ఇజాజత్ షరియత్‌ల ఉంది. దాని లాలాజలం తగిలితే కడుక్కోవాలె, దవా ఆపనక్కర లేదు. దప్పికైన కుక్కకు నీళ్ళు తాగించిన మనిషికి మగ్ఫిరత్ దొరికిందని మన పిల్లలకు మనమే చెప్తం కదా. నానీ మోకాళ్ళు పట్టేస్తే కుర్చీ వేసినం గానీ నమాజ్ మాన్పించలేదు.

ఈ మర్జ్ పూరా పోదు. దర్ద్ తగ్గుతది, అంతే. ఇప్పుడు మామూ క్యాలెండర్ మీద షేరూ మంచిగ నడిచిన రోజుకు ఒక గీత కొడ్తడు. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ముందు ఆ గీతలే చూపిస్తడు.