ఏ కొత్తపల్లి?

ప్రియ చదువరీ, నీవుగాని నీ యింటి బిడ్డగాని న్యాయశాస్త్రము చదువుచున్నయెడల ఈ నాలుగు మాటలు నీ కొరకే. ఇందులో నా తప్పిదమొకటి యున్నది. దానిని దాచుట నాకిష్టము లేదు.

2023వ సంవత్సరమున నేను లా కళాశాలలో రెండవ యేడు చదువుచుంటిని. జిల్లా న్యాయసేవాధికార సంస్థవారు పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చుచున్నారని విని పేరు వ్రాయించుకొంటిని. న్యాయవాదిగా నమోదగువరకు విద్యార్థులును ఈ పనిలో చేరవచ్చును. నిజము చెప్పవలెనన్న, నన్నక్కడికి నడిపించినది జాలి కాదు, సర్టిఫికెట్టు.

విద్యార్థికి కోర్టులో వాదించు హక్కు లేదు. మరేమి చేయగలడు? వినగలడు, వ్రాయగలడు, తిరుగగలడు. 1987 నాటి న్యాయసేవల చట్టము చొప్పున స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, నిర్బంధములో నున్నవారు తమ ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయసహాయము పొందవచ్చును. అయితే ఆ సంగతి వారికి చెప్పువారెవరు? దరఖాస్తు నింపువారెవరు?

ఆ యేడు జనవరి 31వ తేదీన సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు చేసెను. బెయిలు దొరికిన ఖైదీ ఏడు దినములలో విడుదల కానియెడల జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా సంస్థ కార్యదర్శికి తెలుపవలెను. కార్యదర్శి ఒక వాలంటీరునో, జైలుకు వచ్చు న్యాయవాదినో ఆ ఖైదీ యొద్దకు పంపవచ్చును. బెయిలు దొరికియు జైలులో నుండుటేమని అడుగుదువేమో. జామీను నిలుచువారు లేనిచో బెయిలు కాగితము మీదనే యుండును. ఒక నెలలోగా జామీను కుదరనియెడల షరతులు సడలింపవచ్చునా యని కోర్టు తనంతట తానే చూడవచ్చునని కూడ ఆ ఉత్తర్వులో నున్నది. కాని నెల యనగా ముప్పది రాత్రులు గదా!

అట్లు నేనొక ముసలివాని యొద్దకు పంపబడితిని. మోటారు తీగ దొంగిలించెనని అతనిమీద కేసు. ఇద్దరు జామీనుదారులు కావలెను. "నీ వాళ్లెవరైనా ఉన్నారా, తాతా?" అని అడిగితిని. చెల్లెలున్నదనెను. ఊరు కొత్తపల్లి. చక్కగా వ్రాసికొని, ఆ సాయంకాలమే కొత్తపల్లి పంచాయతీ ఆఫీసుకు ఫోను చేసితిని. ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదనిరి. చనిపోయెనేమో, వలసపోయెనేమో యనుకొని పుస్తకము మూసితిని. అంతలో పరీక్షలు వచ్చెను.

పదునొకండు దినములైన పిమ్మట ఒకనాడు బస్సులో పోవుచు కిటికీలోనుండి ఒక పలక చూచితిని. కొత్తపల్లి! నేను ఫోను చేసిన ఊరది కాదు. నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లాయెను. మన జిల్లాలలో కొత్తపల్లులకు కొదువయా?

మరునాడు జైలుకు పోయి, "ఏ మండలం, తాతా?" అంటిని. తడుముకొనకుండ చెప్పెను.

"ఆ మాట ముందే చెప్పకూడదా?"

"తమరు అడగలేదు గదా, బాబూ."

కోపము లేదు ఆ మాటలో. ఉన్నయెడల నాకు కొంత సుళువుగా నుండెడిది. మూడవ దినమున మేనల్లుడు ఇంటిపన్ను రశీదులతో పొరుగువానిని వెంటబెట్టుకొని వచ్చెను. ఇద్దరును జామీను నిలిచిరి.

నీకు పోవలెనని యున్నచో, జిల్లా సంస్థ కార్యాలయము సాధారణముగా జిల్లా కోర్టు ఆవరణలోనే యుండును. 15100 అను నంబరుకు ఫోను చేసినను చెప్పుదురు. సర్టిఫికెట్టు కొరకు పోయినను తప్పులేదు, నేనట్లే పోతిని. పుస్తకములో మండలమునకొక గడి మాత్రము గీసికొనుము.

ముసలివాడు గేటు బయట నిలిచి, సంక్రాంతికి తన ఊరికి రమ్మని నన్ను పిలిచెను. ఏ బస్సు ఎక్కవలెనో, ఎక్కడ దిగవలెనో కూడ, ఈసారి నేనడుగకుండనే చెప్పెను.